మంచు గోడల రోడ్డు: మేలో, అమ్మానాన్నలతో, హైదరాబాద్ నుంచి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: నిజాంపేటలో ఉంటారు. నాన్నగారికి 68, బీపీ ఉంది, మోకాళ్ల నొప్పులు. అమ్మగారికి 63. పాపకు ఏడేళ్లు. రెండు పక్కలా ఇంతెత్తున మంచు గోడలు, మధ్యలో నల్లటి తారురోడ్డు, దాని మీద జనం నడుస్తున్న వీడియో చూశారు. అది మనాలి పైనున్న రోహ్‌తాంగ్ అని ఒకరన్నారు, జపాన్ అని ఇంకొకరన్నారు. మే మొదటి వారంలో వెళ్దామని ఉంది. ఎటు వెళ్లాలి, ఏ తేదీల్లో, ఏం తీసుకెళ్లాలి, ఎంతవుతుంది, పాప మంచులో ఆడుకోవచ్చా?

నా సంగతి చెప్పి మొదలుపెడతాను. హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. పని మీద జపాన్‌లోని తొయామాకు కొన్నిసార్లు వెళ్లాల్సి వచ్చింది. మనలాగే అదీ మందుల ఊరు. మూడొందల ఏళ్ల కిందటి నుంచి అక్కడి వ్యాపారులు ఊరూరా తిరిగి ఇళ్లలో మందుల పెట్టె పెట్టి వచ్చేవాళ్లు. మళ్లీ వచ్చినప్పుడు వాడుకున్న మందులకే డబ్బు తీసుకునేవాళ్లు. మన కిరాణా కొట్టు ఖాతా పద్ధతి అన్నమాట. మీరు చూసిన వీడియోలోని రోడ్డు ఆ తొయామా పక్క కొండల్లోనే ఉంది. ఒకసారి ఒక్కడినే, ఒకసారి అమ్మానాన్నలూ అమ్మాయితోనూ, మూడోసారి స్నేహితులతోనూ వెళ్లాను. రోహ్‌తాంగ్‌కు రెండుసార్లు వెళ్లాను. అందులో ఒకటి తలుచుకోవడం ఇష్టం లేదు, కానీ మీకు పనికొస్తుంది కాబట్టి చెప్తాను.

ముందు సూటిగా జవాబు. మీ ఇంటి మనుషుల్ని బట్టి చూస్తే జపాన్. మే మొదటి వారం మాత్రం వద్దు, 10 తర్వాత. బడ్జెట్ సరిపోకపోతే మనాలి వెళ్లండి. కానీ నాన్నగారిని రోహ్‌తాంగ్ పైదాకా ఎక్కించొద్దు.

ఇది అందచందాల పోటీ కాదు. హిమాలయాల ముందు తొయామా పక్కనున్న ఆ తతెయామా కొండలు చిన్నపిల్లలు. తేడా అంతా ఎత్తులో ఉంది. రోహ్‌తాంగ్ కనుమ 3,978 మీటర్లు. జపాన్‌లో మంచు గోడలుండే మురోదో 2,450 మీటర్లు. మనం హైదరాబాద్‌లో పీల్చే గాలితో పోలిస్తే మురోదోలో ఆక్సిజన్ ఐదింట నాలుగు వంతులు ఉంటుంది. రోహ్‌తాంగ్‌లో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువే. 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వికారం, ఆయాసం మొదలయ్యే అవకాశం పెరుగుతుందని డాక్టర్లు చెప్తారు. మురోదో సరిగ్గా ఆ గీతకు ఇవతల ఆగిపోతుంది, అక్కడ మీరు ఉండేది కూడా మూడు నాలుగు గంటలే. రోహ్‌తాంగ్ ఆ గీతను దాటి మరో కిలోమీటరున్నర పైన ఉంది. పైగా మనాలి 2,050 మీటర్ల దగ్గర ఉంటుంది. పొద్దున అక్కడ టీ తాగి బయల్దేరితే మధ్యాహ్నం భోజనం వేళకు దాదాపు రెండు కిలోమీటర్లు పైకి ఎక్కేసి ఉంటారు. ఒంటికి అలవాటు పడే వ్యవధే ఉండదు.

మా మొదటి రోహ్‌తాంగ్ ప్రయాణం అలాగే చెడింది. ఒక ట్రావెల్స్ వాళ్లకు డబ్బు మొత్తం ముందే కట్టేశాం. తెల్లవారుజామున మూడున్నరకే లేపి కారెక్కించారు. గులాబా చెక్‌పోస్టు దగ్గర కారాగింది. తీరా చూస్తే ఆ బండికి పర్మిట్టే లేదు. రోహ్‌తాంగ్‌కు రోజుకు ఇన్ని బండ్లే అని పరిమితి ఉంది: పెట్రోలువి 800, డీజిలువి 400. పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రైబ్యునల్ పెట్టిన నిబంధన అది. మంగళవారం రోడ్డు మరమ్మతుల కోసం అసలు వదలరు. ఇవేవీ మాకు ఎవరూ చెప్పలేదు. డ్రైవరు ఎవరికో ఫోన్ చేసి పర్మిట్ ఉన్న ఇంకో టాక్సీ మాట్లాడాడు, దానికి మళ్లీ డబ్బు. ఆ పైన జామ్. రెండు గంటలు కారులోనే కూర్చున్నాం. పైకి చేరేసరికి అమ్మ ముఖం పాలిపోయింది. తల పగిలిపోతోంది అంది, రెండుసార్లు వాంతి చేసుకుంది. మంచు గోడల మధ్య కారు ఆపి ఫోటో దిగడానికి మేం దిగాం, అమ్మ దిగలేదు. కిందకు వచ్చేశాక, దారిలో మఢీ అనే మజిలీ దాటేసరికి, అరటిపండు అడిగి తింది. దిగితే తగ్గిపోవడమే ఎత్తు జబ్బు లక్షణం. అందుకే ఎవరికైనా అలా అయితే మాత్రలు వెతకడం తర్వాత, ముందు కారు కిందకు తిప్పించండి.

కాబట్టి మనాలే ఖాయమైతే పర్మిట్ మీ పేరున, బండి నంబరుతో సహా మీ కళ్లతో చూశాకే మిగతా డబ్బు కట్టండి. అమ్మానాన్నల్ని మనాలి పక్కనున్న సోలాంగ్ లోయ దాకా తీసుకెళ్లి ఆపేయండి. అటల్ సొరంగం 2020 అక్టోబరులో తెరిచారు, 9 కిలోమీటర్లు. అందులోంచి అవతల లాహౌల్ వైపు సిస్సూకు వెళ్తే ఎత్తు 3,100 మీటర్ల దగ్గర ఆగుతుంది. చుట్టూ మంచు కొండలుంటాయి, రోహ్‌తాంగ్ అంత ఇబ్బంది ఉండదు. కాకపోతే మీరడిగిన గోడలు అక్కడ కనిపించవు. లేహ్ దారిలో బారాలాచా కనుమ దగ్గర మే, జూన్ నెలల్లో గోడలు బ్రహ్మాండంగా ఉంటాయని ఎవరైనా ఊరిస్తారు. అది నిజమే. కానీ అది 4,890 మీటర్లు. ఏడేళ్ల పాపతో, బీపీ ఉన్న పెద్దాయనతో ఆ మాటే ఎత్తొద్దు.

వీడియో ఏ ఊరిదో తేల్చుకోవడానికి నా దగ్గర ఒక గుర్తుంది. గోడ గరుగ్గా, మెట్లు మెట్లుగా, మట్టి కలిసి ఉండి పక్కన టాక్సీలు హారన్ కొడుతుంటే మనది. హల్వా పళ్లెంలో కత్తి దింపి ముక్క తీసినట్టు గోడ నిలువుగా నున్నగా ఉండి, దాని పక్క నుంచి పెద్ద బస్సు బొమ్మలా కనిపిస్తుంటే తతెయామా. అక్కడ సొంత కార్లను రానివ్వరు.

ఇప్పుడు అసలు విషయం. ఆ గోడలు ఎలా వస్తాయో తెలిస్తే ఎప్పుడు వెళ్లాలో మీకే అర్థమవుతుంది. మన నైరుతి రుతుపవనాల సంగతి తెలుసు కదా. అరేబియా సముద్రం మీద తేమ తాగి వచ్చిన గాలి పడమటి కనుమలకు కొట్టుకుని కొంకణంలో కుండపోతగా కురిపిస్తుంది. కనుమలు దాటి మన వైపు వచ్చేసరికి ఊడ్చినట్టవుతుంది. జపాన్‌లో ఇదే నాటకం చలికాలంలో జరుగుతుంది. సైబీరియా నుంచి పొడి చల్లగాలి బయల్దేరుతుంది. మధ్యలో జపాన్ సముద్రం. అందులో వెచ్చటి ప్రవాహం ఉండటంతో గాలి తేమ నింపుకుంటుంది. ఆ వెంటనే ఎదురుగా మూడు వేల మీటర్ల తతెయామా కొండలు. ఆ తేమంతా అక్కడే మంచుగా కుమ్మరిస్తుంది. కొండలకు అవతల ఉన్న టోక్యోకు మిగిలేది నీలాకాశం. అంటే తొయామా వాళ్ల కొంకణం, టోక్యో వాళ్ల హైదరాబాద్.

మురోదో చదును మీద మామూలుగా పేరుకునే మంచు ఆరేడు మీటర్లు. గోడలుండే చోటును ఒతాని అంటారు, పెద్ద లోయ అని అర్థం. అక్కడ నేల పల్లంగా ఉంటుంది. చుట్టుపక్కల మంచును గాలి ఎత్తుకొచ్చి ఆ పల్లంలో పోస్తుంది. అందుకే బాగా కురిసిన ఏళ్లలో 20 మీటర్ల దాకా పేరుకుంటుంది. ఈ మధ్య ఏళ్లలో ఏప్రిల్‌లో తెరిచేనాటికి 13 నుంచి 16 మీటర్లు ఉంటోంది. మీ నిజాంపేటలో స్టిల్ట్ మీద నాలుగైదు అంతస్తులు వేసిన అపార్ట్‌మెంట్ ముందు నిలబడి పైన నీళ్ల ట్యాంకు వైపు చూడండి. అదీ ఎత్తు.

డిసెంబరు మొదట్లో రోడ్డు మూసేస్తారు. చలికాలం చివర్లో మళ్లీ తవ్వడం మొదలుపెడతారు. పైన పది పదిహేను మీటర్ల మంచు ఉంటే కింద రోడ్డు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? బుల్‌డోజరులో జీపీఎస్ ఉంటుంది. డ్రైవరుకు తెర మీద రోడ్డు గీత కనిపిస్తుంది, తన బండి ఆ గీత మీద ఉందో పక్కకు జరిగిందో చూసుకుంటూ పొర పొరగా పైనుంచి తవ్వుకుంటూ దిగుతాడు. వెనక రోటరీ యంత్రం ఆ మంచును నమిలి గొట్టంలోంచి దూరంగా చిమ్ముతుంది. మన రోహ్‌తాంగ్‌లో, కాశ్మీర్ నుంచి లద్దాఖ్ వెళ్లే దారిలోని జోజిలా కనుమలో ఇదే పని సరిహద్దు రహదారుల సంస్థ, అదే బీఆర్ఓ వాళ్లు చేస్తారు. అక్కడ కొండచరియల భయం అదనం. మురోదో కాస్త చదునైన చోటు కాబట్టి అంత శుభ్రంగా కోయగలుగుతారు.

అంటే ఇది కట్టిన గోడ కాదు, కోసిన గట్టు. ఏప్రిల్ 15 ప్రాంతంలో తెరిచిన రోజున ఎంతుంటుందో అదే గరిష్ఠం. ఆ తర్వాత ప్రతిరోజూ కుంగుతుంది. మే మధ్యకు మామూలు ఏడాదిలో పది మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. జూన్ చివరికి ఇంకా తగ్గిపోతుంది, నడక కూడా ఆ నెల చివర్లో ఆపేస్తారు. కాబట్టి ఎత్తే కావాలంటే ఏప్రిల్ చివర వెళ్లాలి. కానీ ఏప్రిల్‌లో ఇంకో తిరకాసుంది. అప్పటికీ పైన మంచు తుపాన్లు వస్తుంటాయి. నేను ఒక్కడినే వెళ్లినప్పుడు ఏప్రిల్ 20 దాటింది. బస్సు దిగేసరికి అంతా పాలలో ముంచినట్టు తెలుపు. నా చేతి గొడుగు కొన నాకే కనిపించలేదు. నడక రద్దు చేశామన్న బోర్డు చదువుకుని, స్టేషన్లో వేడి వేడి నూడుల్స్ తిని దిగొచ్చాను. అదృష్టం బాగుండి మర్నాడు సెలవు ఉంది. మళ్లీ వెళ్తే ఎండ కాసింది.

ఇక మే మొదటి వారం ఎందుకు వద్దన్నానంటే, ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా జపాన్‌లో వరుస సెలవులు. వాళ్లు గోల్డెన్ వీక్ అంటారు. మన సంక్రాంతికి విజయవాడ హైవే మీద టోల్‌గేటు ఎలా ఉంటుందో, అప్పుడు తతెయామా స్టేషన్ అలా ఉంటుంది. హోటళ్ల రేట్లు రెట్టింపవుతాయి. మన పిల్లలకు బడి సెలవులు జూన్ రెండో వారం దాకా ఉంటాయి కాబట్టి మీకు తొందరేం లేదు. మే 10 నుంచి 25 లోపు, సోమవారం నుంచి గురువారం మధ్యలో ఒక రోజు ఎంచుకోండి. మూడు నాలుగు మీటర్ల ఎత్తు పోగొట్టుకుంటారు. బదులుగా ఎండ, ఖాళీ బస్సు దొరుకుతాయి. పది మీటర్ల గోడ పక్కన నిలబడ్డ మనిషికి పద్నాలుగు మీటర్లకు తేడా తెలియదండీ, నిజంగా.

దారి ఇలా. హైదరాబాద్ నుంచి ఏదో ఒక చోట విమానం మారి టోక్యో. అక్కడ ఒక రాత్రి పడుకుని, షిన్‌కాన్‌సేన్, అంటే బుల్లెట్ రైలు, ఎక్కితే రెండుంపావు గంటల్లో తొయామా. తొయామాలో కనీసం రెండు రాత్రులు, వీలైతే మూడు. ఆ అదనపు రోజు ఖర్చు దండగ అనుకోకండి. పైన వాతావరణం చెడితే అదే మిమ్మల్ని కాపాడుతుంది. మురోదోలో లైవ్ కెమెరా ఉంది. పొద్దున్నే లేచి ఫోన్లో అది చూసి, తెల్లగా మసకగా ఉంటే ఆ రోజు ఊళ్లో ట్రాము ఎక్కి తిరగండి. వాతావరణ సూచన కన్నా ఆ కెమెరాకే విలువ.

తొయామా నుంచి ఒక చిన్న ప్రైవేటు రైలు తతెయామా స్టేషన్‌కు గంటలో చేరుస్తుంది. నిదానంగా ఊగుతూ పోతుంది. ఆ గంటను తీసిపారేయకండి. మేలో అక్కడ వరినాట్లు. మళ్ల నిండా నీళ్లు, ఆ నీళ్లలో తలకిందులుగా మంచు కొండలు. మా నాన్న పుట్టి పెరిగింది మిర్యాలగూడ పక్క పల్లెలో, సాగర్ కాలువ కింద. ఆయన కిటికీకి అతుక్కుపోయి నాటు యంత్రం వరుసలు లెక్కపెట్టారు. "మడికి ఇంత గట్టు చాలా?" అని నన్ను నాలుగుసార్లు అడిగారు, నాకేం తెలుసు. పైన మంచు చూసినప్పుడు కూడా "కిందికి దిగేటప్పుడు ఆ కుడిపక్క సీట్లే పట్టు" అన్నారు.

తతెయామా స్టేషన్ 475 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి తాడుతో లాగే కేబుల్ రైలు ఏడు నిమిషాల్లో బిజోదైరాకు ఎక్కిస్తుంది. అక్కడ బస్సెక్కితే 50 నిమిషాల్లో మురోదో. బస్సులో ఎడమ పక్క కూర్చుంటే 350 మీటర్ల ఎత్తు నుంచి దూకే షోమ్యో జలపాతం కనిపిస్తుంది. మొదట దేవదారు చెట్లు, ఆపైన చెట్ల మొదళ్లు మంచులో కూరుకుపోయి ఉంటాయి, ఇంకాపైన చెట్లే ఉండవు. గోడలు కూడా మొదట మోకాలెత్తు, తర్వాత మనిషెత్తు, తర్వాత బస్సు కిటికీ దాటి, చివరికి ఆకాశం ఒక సన్న పట్టీలా మిగులుతుంది. కేబుల్ రైలుకు టైము రాసిన టికెట్ ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కోండి. పొద్దున ఎనిమిది గంటల లోపుది దొరికితే మంచిది.

మురోదో నుంచి కొండ అవతలకు, నాగానో వైపుకు దాటిపోవచ్చు కూడా. ఆ మొత్తం దారి 1971లో పూర్తయింది. సొరంగం బస్సు, మధ్యలో ఒక్క స్తంభం కూడా లేని రోప్‌వే, భూమి లోపల నడిచే కేబుల్ రైలు, ఆపైన కురోబె డ్యామ్ మీద నడక, మళ్లీ సొరంగంలో బస్సు. 186 మీటర్ల ఎత్తున్న డ్యామ్ అది, జపాన్‌లో అన్నిటికన్నా ఎత్తయినది. 1963లో పూర్తయ్యేలోగా 171 మంది పనివాళ్లు చనిపోయారు. చూడదగ్గదే. నేను ఒకసారి దాటాను. కానీ మీ విషయంలో నా మాట వినండి, దాటొద్దు. బండి మారిన ప్రతిచోటా వరుసలో నిలబడాలి, మెట్లెక్కాలి. డ్యామ్ దగ్గర పైనుంచి చూసే చోటుకైతే 220 మెట్లున్నాయి. నాన్నగారి మోకాళ్లు నాగానో చేరేలోపు మీతో మాట్లాడటం మానేస్తాయి. మురోదో వెళ్లి, మంచు చూసి, వచ్చిన దారినే తొయామా దిగిపోండి. సామాన్లు హోటల్లోనే ఉంటాయి, గొడవే లేదు.

ఇక ఆ గోడ. నడవనిచ్చేది సుమారు అర కిలోమీటరు. రోడ్డులో ఒక వరుస మనుషులకు వదిలి, రెండో వరుసలో బస్సులు పోతుంటాయి. పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతం నుంచి మధ్యాహ్నం మూడు దాకా. కాస్త వాలుగా ఉంటుంది, పెద్దవాళ్లు నడవగలరు. పొద్దున్నే అయితే తారు మీద నీళ్లు గడ్డకట్టి జారుతుంది, పది దాటాక కరిగి తడిగా ఉంటుంది. పదిన్నరకు అడుగుపెట్టేలా చూసుకోండి.

అందరూ మధ్యలో నిలబడి పైకి చూస్తూ ఫోటోలు తీసుకుని వెళ్లిపోతారు. మీరు ఒక ఐదు నిమిషాలు గోడకు రెండు మూడు అడుగుల దూరంలో ఆగి ఊరికే చూడండి. ఫ్రిజ్ తలుపు తీసినట్టు చల్లదనం ముఖానికి తగులుతుంది. దూరం నుంచి తెల్లగా కనిపించింది దగ్గరకు వస్తే తెలుపు కాదు. కింది భాగం నీలిగా, లోపల ఎవరో దీపం పెట్టినట్టు ఉంటుంది. యంత్రం పళ్ల గీతలు అడ్డంగా పడి ఉంటాయి. వేలితో గీకితే రాలదు. అదంతా మెత్తటి మంచని అనుకుంటాం కానీ, పైన బరువుకు అణిగి అణిగి రాయిలా అయిపోయి ఉంటుంది. గీతల మధ్య పొరలు కనిపిస్తాయి. మా నాన్న దాన్ని చూడగానే "బావి తవ్వినట్టే ఉందిరా" అన్నారు. ఆయన చిన్నప్పుడు బావి తవ్వుతుంటే పక్కన నల్లమట్టి, దాని కింద మొరం, దాని కింద రాయి పొరలు ఎలా కనిపించేవో అలా అన్నమాట. ఆ మాటతో నాకు కళ్లు తెరుచుకున్నాయి. ఒక్కో పొర ఒక్కో తుపాను. గాజులా మెరిసే సన్నటి గీత ఉంటే, నడుమ ఒక వెచ్చటి రోజు వచ్చి పైమంచు కరిగి మళ్లీ గడ్డకట్టిందని గుర్తు. పైభాగంలో మురికి పసుపు రంగు చారలు కనిపించాయి. బస్సు పొగేమో అనుకున్నాను. కాదు. వసంతంలో గోబీ, తక్లమకాన్ ఎడారుల దుమ్ము గాలికి లేచి సముద్రం దాటి వచ్చి పడుతుంది. చైనా ఎడారి మట్టి జపాన్ మంచులో చారగా మిగలడం! మా నాన్న మాత్రం "మనకూ ఎండాకాలంలో మేడ మీద అంతే కదా" అని తేల్చేశారు.

ఎండ బాగా కాస్తుంటే మరీ ఆనుకుని నిలబడొద్దు. పైనుంచి చిన్న ముక్కలు రాలతాయి. సిబ్బంది అంచులు చెక్కుతూ, చూస్తూనే ఉంటారు. గాలి, మబ్బు ఎక్కువైతే వెంటనే ఆపేస్తారు. వాళ్లు ఆపితే వాదించకండి.

బట్టలు. మనకు 40 డిగ్రీలున్న రోజున అక్కడ సున్నాకు అటూ ఇటూ ఉంటుంది, ఎండ బాగుంటే పది దాకా పోతుంది. మే నెలలో హైదరాబాద్‌లో స్వెటర్ అడిగితే షాపువాడు మనల్ని ఒకలా చూస్తాడు. టిబెటన్ల స్వెటర్ల దుకాణాలు చలికాలంలోనే ఉంటాయి. డెకాథ్లాన్‌లో ఏడాది పొడుగునా దొరుకుతాయి. ఒక పొర థర్మల్స్, దాని మీద ఫ్లీస్, దాని మీద గాలీ నీళ్లూ ఆపే జాకెట్, అంతే. మనాలిలో అద్దెకిచ్చే బొంత లాంటి కోట్లు ఇక్కడ అక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యం చలువ కళ్లద్దాలు, పాపకు కూడా. కొత్త మంచు మీద పడిన అతినీల కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి మన ముఖం మీదకే వస్తాయి. కళ్లు మండి నీళ్లు కారతాయి, ముక్కు కింద, గడ్డం కింద కూడా కమిలిపోతుంది. సన్‌స్క్రీన్ కిందివైపు కూడా రాయండి. అమ్మగారికి చీర అలవాటైతే కట్టుకోనివ్వండి, లోపల థర్మల్ ప్యాంటు వేసి, అంచు తడవకుండా రెండంగుళాలు పైకి కట్టుకుంటే చాలు. మా అమ్మ అలాగే నడిచింది. కాళ్లకు మాత్రం పట్టున్న అడుగున్న బూట్లు ఉండాలి, చెప్పులు కుదరవు.

తిండి. శాకాహారులైతే పైన దొరికేది చాలా తక్కువ. కూరగాయల నూడుల్స్ అన్నా పులుసులో చేప రసం ఉంటుంది. కింద నుంచి తీసుకెళ్లాలి. పులిహోర పొడి, పప్పుల పొడి, ఆవకాయ పట్టుకెళ్లండి. తొయామాలో ఏ చిన్న కొట్లోనైనా వేడి అన్నం ప్యాకెట్ దొరుకుతుంది. కొత్తావకాయ చెక్-ఇన్ సామానులో రెండు కవర్లు తొడిగి పెట్టండి. పచ్చి మామిడికాయలు, కరివేపాకు మాత్రం పెట్టొద్దు. తాజా పళ్లూ ఆకులూ ధ్రువపత్రం లేకుండా జపాన్‌లోకి రానివ్వరు. మాంసం పచ్చళ్లు అసలే వద్దు.

మందుల గురించి నా వృత్తి కొద్దీ రెండు మాటలు. నాన్నగారి బీపీ మాత్రలు నెలకు సరిపడా లోపు, చీటీతో సహా, అసలు ప్యాకింగులో తీసుకెళ్లండి. సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటి ఉన్న జలుబు మందులు జపాన్‌లో నిషేధం, కొడీన్ ఉన్న దగ్గు మందుకూ ఇబ్బందే. ఇంట్లో డబ్బాలో ఉన్నవన్నీ సంచిలో వేసుకుపోయే అలవాటు మనకుంటుంది, అది మానుకోండి. ఎత్తు జబ్బు రాకుండా అసిటజోలమైడ్ అనే మాత్ర వేసుకోమని ఎవరో చెప్తారు. మురోదోకు సాధారణంగా అవసరం రాదు. రోహ్‌తాంగ్ అయితే మీ డాక్టర్‌ని అడిగే వేసుకోవాలి, ముఖ్యంగా బీపీకి ఇప్పటికే నీటి మాత్ర (మూత్రం ఎక్కువగా పోయించేది) వాడుతుంటే.

ఖర్చు ఇంతని చెప్పను. టికెట్లు ఎప్పుడు కొన్నారన్న దాన్ని బట్టి అంతా మారిపోతుంది. కొండ దారి మొత్తం దాటితే పెద్దవాళ్లకు 10 వేల యెన్‌లు దాటుతుంది, మురోదో వెళ్లి వచ్చేస్తే అంతకన్నా తక్కువ. పిల్లలకు సగం. అసలు బరువంతా విమానం టికెట్లదీ హోటళ్లదీ. మే మధ్యకు మారితే అక్కడే బోలెడు మిగులుతుంది. వీసా దరఖాస్తు తీసుకునే వీఎఫ్‌ఎస్ కేంద్రం ద్వారా, ప్రయాణానికి నెలన్నర ముందు పెట్టండి.

చివరగా, పాప మంచులో ఆడుకోవచ్చా అని అడిగారు. గోడ దగ్గర కాదు. మురోదో స్టేషన్ బయట తొక్కడానికి వదిలిన మంచు మైదానం ఉంది, అక్కడ ఎంతసేపైనా. రాయిచో అనే పక్షి కూడా కనిపించవచ్చు, చలికాలంలో తెల్లగా మారుతుంది, మేలో సగం గోధుమ సగం తెలుపు. దాన్ని తరమకుండా చూసుకోండి, అక్కడ దాన్ని దేవుడి పిట్టలా చూస్తారు. పాపకు రెండు జతల సాక్సులు అదనంగా సంచిలో వేయండి. నేను వేయలేదు. మా అమ్మాయి పావుగంటలో బూట్ల నిండా మంచు నింపుకుని ఏడుపు లంకించుకుంది. నా సాక్సులు విప్పి తనకు తొడిగి, బిజోదైరా దాకా 50 నిమిషాలు ఉత్త కాళ్లతో తడి బూట్లలో కూర్చున్నాను. పక్క సీట్లో జపాన్ ముసలావిడ నా పాదాల వంక, నా ముఖం వంక మార్చి మార్చి చూసి, సంచిలోంచి ఒక వేడి చేసే ప్యాకెట్ తీసి చేతిలో పెట్టింది. అవి తొయామాలో ఏ కొట్లోనైనా దొరుకుతాయి, నాలుగు కొనుక్కోండి.